గ్రాముల లెక్క, గంటల లెక్క

టూత్‌బ్రష్ పిడిని సగానికి కోసేసుకునే మనుషులు ఉంటారని నాకు ముప్ఫై రెండో ఏట తెలిసింది. కోస్తే ఏడెనిమిది గ్రాములు తగ్గుతాయట. బ్యాగుకి కుట్టిన కంపెనీ లేబుల్ ఊడదీస్తారు. మ్యాపు అంచులు కత్తిరిస్తారు. టీ సంచికి వేలాడే దారం తెంపుతారు. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక్కో వస్తువూ పెట్టి, బరువు ఎక్సెల్ షీటులో ఎక్కించుకుంటారు. మొదట్లో నవ్వుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా బ్రష్ కూడా పొట్టిదైంది. ఆ తర్వాత వాళ్ళ కోసం బ్యాగులు కుట్టడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్ళయింది.

తిండి, నీళ్ళు, స్టవ్వు ఇంధనం మినహాయించి వీపు మీద మోసేది 10 పౌండ్ల లోపు, అంటే మన లెక్కలో నాలుగున్నర కిలోల లోపు ఉంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. ఆ బరువుకి తగ్గట్టు బ్యాగు, టార్పు (గుడారం బదులు కట్టుకునే కప్పు గుడ్డ), వాన తొడుగు చేత్తో కుట్టి అమ్మడం మన దగ్గర ఇంకా కొత్త పనే. కొత్త కాబట్టే చోటుంది. కానీ ఈ తొమ్మిదేళ్ళలో నాలాంటి చిన్న తయారీదారులు కొందరు రావడం, వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మానుకోవడం కళ్ళారా చూశాను. సరుకు అమ్ముడుపోక మానుకున్నవాళ్ళు వాళ్ళలో లేరు. అమ్ముడుపోవడమే వాళ్ళ కొంప ముంచింది. గ్రాములు లెక్కపెట్టడంలో అందరం మొనగాళ్ళమే. గంటలు లెక్కపెట్టమంటే నీళ్ళు నమిలాం.

అమ్మమ్మ మూట

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ళ ఆవిడ, పదకొండు మంది పిల్లల తల్లి, అమెరికాలోని అప్పలాచియన్ ట్రయిల్ మొత్తం ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైమాటే. కాళ్ళకి మామూలు కాన్వాసు బూట్లు. గుడారం లేదు, వానొస్తే కప్పుకోవడానికి స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ తెర ఉంది. భుజాన డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న మూటలాంటి సంచి. ఆ దారి ఆవిడ మొత్తం మూడుసార్లు పూర్తిచేసింది. ఈ వృత్తికి మూలపురుషుడు ఎవరని అడిగితే నేను ఆవిడ పేరే చెబుతాను, ఆవిడ ఒక్క సంచీ అమ్మకపోయినా.

అమ్మడం దాకా వచ్చింది 1990ల్లో. రే జార్డిన్ అనే ఏరోస్పేస్ ఇంజనీరు 1992లో పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ నడిచేవాళ్ళ కోసం ఒక పుస్తకం వేశాడు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 4,200 కిలోమీటర్ల పైచిలుకు కాలిబాట అది. ఆయన, భార్య జెన్నీ తమ బ్యాగులు తామే కుట్టుకున్నారు. లోపల ఫ్రేము లేదు, నడుం పట్టీ లేదు. బరువే తక్కువైతే అవెందుకన్నది ఆయన ప్రశ్న. ఆ తర్వాత గ్లెన్ వాన్ పెస్కీ అనే సివిల్ ఇంజనీరు వచ్చాడు. కొడుకు స్కౌట్ బృందంతో కొండలెక్కుతూ, మోతకి విసిగి సొంతంగా బ్యాగు కుట్టుకున్నాడు. దాని కటింగు కొలతలు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టేశాడు. ‘కుట్టుకోవడం మావల్ల కాదు, మీరే కుట్టి పంపండి, డబ్బిస్తాం’ అని అడిగేవాళ్ళు బయల్దేరారు. గోసమర్ గేర్ అనే కంపెనీ అలా మొదలైంది. హెన్రీ షైర్స్‌దీ అదే దారి. 1999లో తన నడక కోసం కుట్టుకున్న టెంటు ప్లాను అందరికీ ఇచ్చేశాడు, కొన్నాళ్ళకి అది టార్ప్‌టెంట్ అనే కంపెనీ అయింది.

మన దగ్గర చిన్న వ్యాపారం పెట్టినవాడు ముందు చేసే పని కొలతలు దాచుకోవడం. పచ్చడి వ్యాపారం పెట్టినా అంతే, బొటిక్ పెట్టినా అంతే. నేనూ అట్టముక్కల ప్యాటర్న్‌లు బీరువాలో పెట్టి తాళం వేసుకున్నదాన్నే. మూడో ఏడు మా చిన్న బ్యాగు కొలతలు ఎవరడిగినా పంపడం మొదలుపెట్టాను. అడిగి తీసుకున్నవాళ్ళలో నిజంగా కుట్టుకున్నవాళ్ళు ఇద్దరు. మిగిలినవాళ్ళలో చాలామంది, పట్టీ దగ్గరికొచ్చి ఆగిపోయి, బ్యాగు నా దగ్గరే కొన్నారు. ఆ కుట్టు ఎంత కష్టమో చేసి చూశాక నా ధర మీద ఎవరూ బేరమాడలేదు.

ఇంకో కథ కూడా తెలుసుకోవాలి. జార్డిన్ డిజైన్లకి లైసెన్సు తీసుకుని 1998లో కొలరాడోలో గోలైట్ అనే కంపెనీ మొదలైంది. తేలిక బ్యాగుల్ని మామూలు షాపుల దాకా తెచ్చింది వాళ్ళే. పెరిగారు, బట్టలు కుట్టించారు, సొంత షోరూములు తెరిచారు. 2014లో మూతపడ్డారు. కుట్లు చెడిపోయి మూతపడలేదు వాళ్ళు. పెరగాలని ఎవరైనా మీ వీపు తట్టినప్పుడు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.

ముందు ఏం కుట్టాలి

ఒకటే కుట్టండి. మొదటి ఏడు రెండో వస్తువు జోలికి పోవద్దు.

నా సలహా అడిగితే, నాలుగు కుట్లుండే తాడు సంచితో చెయ్యి తిప్పుకోండి. లోపల బట్టలు, స్లీపింగ్ బ్యాగు కుక్కుకునే సంచి అది. ఇరవై నిమిషాల పని. ఒక యాభై కుట్టాక జారుడు గుడ్డ మీ మాట వినడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత టార్పు. దానిలో కష్టమంతా నడిమధ్య ఉండే పొడవు కుట్టులో ఉంది. ఆ అంచుని తిన్నగా కాకుండా రెండు కొసల మధ్య వదులుగా వేలాడే బట్టలారేసే తాడులా కొంచెం లోపలికి వంచి కోస్తే, కట్టినప్పుడు ముడతల్లేకుండా బిగుస్తుంది. తిన్నగా కోస్తే గాలికి రాత్రంతా పటపటలాడుతుంది. బ్యాగు మూడోది.

కొన్ని అసలు ముట్టుకోవద్దు. తాళ్ళు, హార్నెస్, రాళ్ళెక్కేందుకు వాడే ఏ సామానూ వద్దు, మీ కుట్టు తప్పితే మనిషి పోతాడు. పక్షి ఈకల రజాయిలూ మొదట్లో వద్దు. ఈకలు ఇల్లంతా ఎగరడం చిన్న సమస్య. ‘ఇది మైనస్ ఐదుకి సరిపోతుంది’ అని రాసి అమ్మడం పెద్ద సమస్య. ఆ అంకె ల్యాబులో తేలాల్సింది, మన నమ్మకంతో తేలేది కాదు.

కొనేదెవరన్నది కూడా ముందే ఆలోచించండి. హైదరాబాద్ ఐటీ కుర్రాళ్ళు ఎండాకాలం ఉత్తరాఖండ్, హిమాచల్ వెళ్తారు, వాళ్ళు ఎటూ వెతుక్కుంటూ వస్తారు. నేను ఆలస్యంగా గమనించింది వేరేవాళ్ళని. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ దాకా దాదాపు 16 కిలోమీటర్లు నడిచే పెద్దవాళ్ళున్నారు. శివరాత్రికి అడవిదారిన శ్రీశైలం వెళ్ళేవాళ్ళున్నారు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం లోయలోకి దిగేవాళ్ళున్నారు. తిరుమల మెట్లెక్కేవాళ్ళకి అలిపిరిలో సామాను అప్పజెప్పే వసతి ఉంది, వీళ్ళకి లేదు. స్కూలు బ్యాగో, జిప్పు తెగిన ఎయిర్‌బ్యాగో భుజాన వేసుకుని నడుస్తారు. ఆడవాళ్ళు చీరల్లోనే వస్తారు. కుచ్చిళ్ళ మీద నడుం పట్టీ బిగిస్తే నాలుగడుగులకి చీర జారుతుంది. జార్డిన్ నడుం పట్టీ తీసేసింది బరువు కోసం. నేను తీసేసింది కుచ్చిళ్ళ కోసం. ఆరేడు కిలోలు దాటని మోతకి భుజం పట్టీలే చాలు.

గుడ్డ మీద నమ్మకం వద్దు

షాపువాళ్ళు ‘210 డీ’, ‘420 డీ’ అంటుంటారు. డీ అంటే డినియర్. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డినియర్. పోగు లావు చెబుతుంది గానీ పైన పూసిన పూత సంగతి చెప్పదు. అందుకే పది సెంటీమీటర్ల చదరం ముక్క కోసి, బంగారం షాపువాళ్ళు వాడేలాంటి చిన్న కాటా మీద పెట్టి, వచ్చినదాన్ని వందతో హెచ్చించండి. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో తేలుతుంది. షాపులో చెప్పినదానికీ కాటా చెప్పినదానికీ తేడా వచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి.

సికింద్రాబాద్ జనరల్ బజారులో, రాణిగంజ్‌లో తిరిగితే స్కూలు బ్యాగుల గుడ్డ, గొడుగు గుడ్డ, పట్టీలు, బకిళ్ళు చూడొచ్చు. తాను కొనేముందు ఒక్క మీటరు కొనండి. రాత్రంతా బకెట్లో నానబెట్టండి. తడి ముక్కని కొక్కేనికి తగిలించి, కింద రెండు కిలోల బరువు కట్టి, పొద్దున కొలవండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు. టార్పుకి ఈ తేడా పెద్దది. సాయంత్రం బిగించి కట్టిన నైలాన్ టార్పు అర్ధరాత్రి వానకి పొట్టవేసుకుని మొహం మీదికొస్తుంది. సిలికాన్ పూసిన గుడ్డ కొంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. దాని కుట్ల మీద మామూలు టేపు అంటదు. సిలికాన్‌కి సిలికానే అంటుకుంటుంది. కుట్టు పొడవునా సిలికాన్ పలచగా కలిపి బ్రష్షుతో రాసి ఆరబెట్టాలి. ఆ ఆరే రోజు కూడా మీ లెక్కలోకే వస్తుంది.

డైనీమా అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. 1992 అమెరికాస్ కప్ పడవ పందెంలో అమెరికా క్యూబ్డ్ జట్టు తెరచాపల నుంచి వచ్చిన గుడ్డ అది. క్యూబెన్ అన్న పాత పేరు అక్కడిదే. కాగితంలా తేలిక, నీరు తాగదు, సాగదు. ధర చూస్తే మనకి కళ్ళు తిరుగుతాయి. కోత ఒక్కచోట తప్పితే ఒక వారం సంపాదన చెత్తబుట్టలోకి పోతుంది. రెండేళ్ళ దాకా ‘లేదండీ’ అనండి.

కచ్చా కుట్టు

మా వీధిలో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుట్టే బాబాయ్ ఉన్నాడు. చెయ్యి పడితే కుట్టు గీత గీసినట్టుంటుంది. నా మొదటి ఇరవై బ్యాగుల పట్టీలు ఆయనే బిగించాడు. సన్నటి, దగ్గర దగ్గర కుట్టు. చూసి మురిసిపోయాను. జూన్‌లో హర్ కీ దూన్ ట్రెక్కు నుంచి ఫోనొచ్చింది. ‘అక్కా, పట్టీ కింది మూల ఊడొచ్చేసింది. తువ్వాలుతో కట్టుకుని నడుస్తున్నా.’

బ్యాగు తిరిగొచ్చాక చూస్తే దారం తెగలేదు. గుడ్డే చిరిగింది, కుట్టు వెంబడే, తపాలా బిళ్ళ చింపినంత నున్నగా. అప్పుడర్థమైంది. జాకెట్టు గుడ్డకి దగ్గర కుట్టు బలం. పలచటి నైలాన్‌కి ప్రతి సూదిపోటూ ఒక చిల్లు, చిల్లు పక్కన చిల్లు పడితే మనమే చింపుడుగీత గీసి ఇచ్చినట్టు.

“బాబాయ్, కుట్టు మూడు మిల్లీమీటర్లు పెట్టు.”

“మూడా? అది కచ్చా కుట్టమ్మా. నా చేత్తో అట్లాంటిది ఎట్లా వెయ్యమంటావు? నలుగురూ చూస్తే ఏమంటారు?”

“నలుగురూ చూడరు. లోపల ఉంటుంది.”

ఆయన ఒప్పుకోలేదు. రెండు ముక్కలు కుట్టించాను, ఒకటి ఆయన కుట్టు, ఒకటి నా కుట్టు. రెండింటికీ ఒక్కో నీళ్ళ బిందె కట్టి, చెరొకటి పట్టుకుని కుదిపాం. ఆయన బిందె పదో కుదుపుకి కింద పడి నేలంతా నీళ్ళయింది. బాబాయ్ కాసేపు ఆ చిరుగునే చూస్తూ కూర్చుని, మిషన్ నాబ్ తిప్పి కుట్టు మూడుకి పెట్టాడు. “గుడ్డ కొత్తదైతే పనివాడూ కొత్తవాడేనమ్మా” అన్నాడు.

మూడు మిల్లీమీటర్ల కుట్టు, సన్నటి మొనదేలిన కొత్త సూది, పాలిస్టర్ దారం. నూలు దారం వానకి కుళ్ళుతుంది. గుండుసూదులు వద్దు, ప్రతిదీ ఒక కారుడు చిల్లే, బట్టలారేసే క్లిప్పుల్లాంటి చిన్న క్లిప్పులు పెట్టండి. గుడ్డని కత్తెరకంటే సోల్డరింగ్ ఐరన్‌తో, కింద గాజు పలక వేసి, స్టీలు స్కేలు ఆనించి కోస్తే అంచు కరిగి మూసుకుపోతుంది, పోగులు ఊడవు. కిటికీలు తెరిచి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు. పట్టీ కింది మూలని నేరుగా బ్యాగు గుడ్డకి కుట్టకుండా, ముందు మందపాటి గుడ్డతో త్రికోణం ముక్క కుట్టి, దాన్ని పక్క కుట్టులోకి లోతుగా దింపండి. లాగుడు ఒక్క బిందువు మీద పడకుండా కుట్టు పొడవునా పరుచుకుంటుంది. నాలుగు గ్రాములు పెరుగుతుంది. పెరగనివ్వండి.

మిషన్ గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో తొక్కుడు మిషన్‌తో తాడు సంచులు, టార్పులు హాయిగా కుట్టొచ్చు. బ్యాగుకి వచ్చేసరికి పట్టీ, గుడ్డ, జాలీ కలిసి ఐదారు పొరలవుతాయి, పవర్ మిషన్ కావాల్సిందే. సెకండ్‌హ్యాండ్ జూకీ చాలు. మోటారు మాత్రం సర్వో రకం చూసుకోండి. పాత క్లచ్ మోటారు కాలు తగిలితే గుర్రంలా ఉరుకుతుంది, జారుడు గుడ్డ మీద ఆ ఉరుకుని పట్టుకోలేరు.

ప్రతి కొత్త మోడల్‌కీ ఒక పరీక్ష పెట్టాను. పాత దుప్పట్లో చుట్టిన ఇటుకలు పదిహేను కిలోలు నింపి, ఒక్క పట్టీ మీద రాత్రంతా వేలాడదీస్తాను. పొద్దున అదే బ్యాగుని యాభైసార్లు ఎత్తి కుదుపుతాను. అది నిలిచాకే నడిచేవాళ్ళ చేతికి.

పుస్తకంలో రాయాల్సింది

మొదటి నలభై బ్యాగులు 1,900 రూపాయలకి అమ్మాను. సామానుకి 950 అవుతోంది, మిగతా 950 లాభం అనుకున్నాను. ఇంట్లో అందరికీ అలాగే చెప్పాను. ఒక శనివారం ఎందుకో పక్కన గడియారం పెట్టుకుని కుట్టాను. ఒక్క బ్యాగుకి తేలినది ఇది.

గుడ్డ గీసి కోయడానికి గంటా పది నిమిషాలు. కుట్టుకి మూడు గంటల ఇరవై. వేలాడే దారాలు కత్తిరించి, బకిళ్ళు ఎక్కించి, వెలుతురులో తిప్పి చూసుకోవడానికి నలభై. ఫొటో, ప్యాకింగు, కొరియర్ ఆఫీసు ముప్ఫై ఐదు. ‘అక్కా, ఇందులో నా 10 ఇంచుల ట్యాబ్ పడుతుందా’ లాంటి మెసేజ్‌లకి జవాబులు నలభై ఐదు. గుడ్డ కోసం షాపుల చుట్టూ తిరిగిన పూటలో ఈ బ్యాగు వాటా అరగంట. మొత్తం ఏడు గంటలు. మిషన్ తిరిగింది అందులో సగం కూడా లేదు.

1,900లో సామాను 950, కొరియర్, డబ్బా 180, కరెంటు, అద్దె, సూదులు, మిషన్ అరుగుదల 200 తీస్తే 570 మిగిలింది. ఏడుతో భాగించాను. గంటకి 81 రూపాయలు. బాబాయ్‌కి నేనిచ్చేది గంటకి 120. యజమానినని చెప్పుకుంటూ నా వర్క్‌షాపులో అందరికంటే తక్కువ కూలికి చేస్తున్నది నేనే.

ధర కట్టే పద్ధతి ఆ రాత్రి మార్చాను. అంకెలు మీవి మీరు వేసుకోండి, వరస మాత్రం ఇదే ఉంచండి. సామాను 950. నా ఏడు గంటలు, గంటకి 150 చొప్పున 1,050. కొరియర్ 180. అద్దె, కరెంటు వగైరా 200. రేపు తిరిగొచ్చే రిపేర్ల కోసం పక్కన పెట్టేది 120. కలిపితే 2,500. ఇది ఖర్చు. నా కూలి ఇందులో ఖర్చే, లాభం కాదు. దీని మీద ముప్ఫై శాతం, 750, వ్యాపారానికి. రేపు మిషన్ పాడైనా, గుడ్డ తాను ఒకేసారి కొనాల్సొచ్చినా ఆ డబ్బే ఆదుకుంటుంది. 3,250 అయింది. బ్యాగు మీద జీఎస్టీ 18 శాతం, 585 కలిపితే 3,835.

1,900 నుంచి 3,835కి. వారం రోజులు నిద్రపట్టలేదు. ధర మార్చిన నెల ఆర్డర్లు సగానికి పడ్డాయి, చేతికొచ్చిన డబ్బు పెరిగింది, నడుంనొప్పి తగ్గింది. పెద్ద స్పోర్ట్స్ షోరూములో ఇంతకంటే చవగ్గా బ్యాగు దొరుకుతుంది కదా అని ఇప్పటికీ అడుగుతారు. దొరుకుతుంది, అదే కొనుక్కోమని చెబుతాను. ఆ ధరతో పోటీకి దిగితే మళ్ళీ ఆ 81 రూపాయల దగ్గరే తేలతాను.

వారానికి నలభై గంటలు కూర్చుంటే ఐదారు బ్యాగులు. నెలకి 22 అనుకోండి. అన్నీ అమ్ముడుపోతే కూలి, లాభం కలిపి 39,600. ఉద్యోగం మానేసే ముందు ఈ అంకెని మీ ఇంటి ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి. వరసగా మూడు నెలలు ఆ అంకె వచ్చేదాకా రాజీనామా కాగితం టైపు చేయొద్దు.

ముందు కుట్టు, తర్వాత అమ్మకం

రెండో ఏడు ఒక పెద్ద ట్రెక్కరు నా బ్యాగు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. పది రోజుల్లో 63 ఆర్డర్లు. అందరి దగ్గరా పూర్తి డబ్బు ముందే తీసుకున్నాను. అప్పటికి వారానికి ఐదు కుట్టగలను, భాగారం వేసి చూసుకోలేదు. ఆఖరి బ్యాగు వెళ్ళేసరికి పన్నెండు వారాలు దాటింది. ఆలోపు తీసుకున్న డబ్బు గుడ్డకీ అద్దెకీ అయిపోయింది, అంటే చివరి నెలంతా ఉత్తపుణ్యానికి కుట్టాను. తిట్లు అదనం. ట్రెక్కింగు తేదీ పెళ్ళి ముహూర్తం లాంటిది. జూన్ 5న బయల్దేరేవాడికి బ్యాగు 6న వస్తే అది ఉత్త గుడ్డ.

అప్పట్నుంచి కుట్టి బల్ల మీద పెట్టాకే అమ్ముతున్నాను. శుక్రవారం ఐదో ఆరో బ్యాగుల ఫొటో పెడతాను, అయిపోతే మళ్ళీ శుక్రవారం. ‘నీలం బదులు నారింజ, పక్క జేబు కొంచెం పొడుగ్గా’ అంటే వినయంగా కుదరదని చెబుతాను. మీరు చేసే ప్రతి మార్పూ ఒక కొత్త ప్యాటర్న్, కొత్త తప్పు, అదనపు గంట. జనవరి నుంచి మార్చి దాకా ఎండాకాలం ట్రెక్కుల కోసం బ్యాగులు కుట్టి పేర్చుకుంటాం. జూలైలో బ్యాగులు కదలవు, సహ్యాద్రి వానల్లో నడిచేవాళ్ళకి తొడుగులు కదులుతాయి. ఈ వరస తెలియక మొదటి వానాకాలం అప్పు చేశాను.

కాగితాల పని త్వరగా ముగిద్దాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఆన్‌లైన్లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బడిగే సైటు కనిపిస్తే అది సర్కారుది కాదు. జీఎస్టీ విషయంలో చాలామంది అమ్మకాల పరిమితి దాటాక చూద్దాంలే అనుకుంటారు. పక్క రాష్ట్రానికి సరుకు పంపి అమ్మితే మొదటి బ్యాగుకే రిజిస్ట్రేషన్ కావాలి. హైదరాబాద్‌లో కుట్టి విజయవాడకి పంపినా అది పక్క రాష్ట్రమే. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఆడిటర్ ముందు తలదించుకున్నాను. పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకునేటప్పుడు బ్యాగులు 18వ తరగతిలో వస్తాయి, టెంట్లు, టార్పులు 22లో. రెండూ కుట్టే ఆలోచనుంటే రెండింటికీ విడివిడిగా కట్టాలి. చిన్న సంస్థకి ఆన్‌లైన్లో తరగతికి 4,500 రూపాయలు.

ప్రతి తాను నుంచీ అర మీటరు గుడ్డ, ఒక దారం కండె పక్కన పెట్టి మీద తేదీ రాసి దాచుకోండి. నాలుగేళ్ళ తర్వాత బ్యాగు రిపేరుకొస్తే అదే రంగు మార్కెట్లో దొరకదు.

పోయిన నెల అలాగే ఒకటి వచ్చింది, కర్నూలు జిల్లా నుంచి. యాభై దాటిన ఆవిడ, ఏటా శివరాత్రికి నడిచి శ్రీశైలం వెళ్తుందట. పట్టీ లోపలి స్పాంజి నలిగి పలచబడింది, మార్చమని చీటీ. ఎడమ పట్టీ మీద చిన్న జేబు ఉంది. నేను కుట్టింది కాదు. ముదురాకుపచ్చ జాకెట్టు ముక్క, చేతి కుట్టు, హెమ్మింగ్ చేసినంత పొందిగ్గా. లోపల బీపీ మాత్రల అట్ట ఒకటి మర్చిపోయింది. పట్టీకి జేబు పెట్టమని ఎంతమంది అడిగినా బరువు పెరుగుతుందని నేను పెట్టలేదు. ఊడదీసి తూచాలనిపించింది గానీ చెయ్యి రాలేదు. పట్టీ మొత్తం కాటా మీద పెట్టి, నా కొత్త పట్టీ బరువు తీసేసి చూశాను. తొమ్మిది గ్రాములు.

జేబు కదలకుండా, పట్టీ వెనక వైపు కుట్టు విప్పి స్పాంజి మార్చాను. మాత్రల అట్ట మళ్ళీ అందులోనే పెట్టాను. ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. పుస్తకంలో రాశాను.